ఆదివారం హాజరు

డెడ్‌హార్స్ లోయ మొత్తానికి నీళ్ళ ట్యాంకర్ ఒక్కటే. వేసవిలో దాన్ని ఎక్కడ నిలపాలన్న మాట మే నెలలో రైతుల హాలులో వచ్చింది. ఇళ్ళవాళ్ళు మాట్లాడుకునే రేడియో అందే చోటే నిలపాలని దిగువ లోయ వాళ్ళు పట్టుబట్టారు. అందని చోట నిలిపితే మంట లేచినప్పుడు దాన్ని పిలిచేదెలా అన్నారు. అందులో తప్పేమీ లేదు. అందుకే నెల్డా స్ట్రౌడ్‌కు మరీ మండింది.

నెల్డాది ఎగువ లోయ. అక్కడ ఆరు ఇళ్ళు, వాటి పశువులు, వాటి గడ్డి. ఆ మలుపుల్లో సెల్‌ఫోను పలకదు. కిందటి ఆగస్టులో మంటలు అన్నిటికంటే ముందు కాల్చింది టెలిఫోను స్తంభాలనే. దిగువ వాళ్ళకు మధ్యాహ్నమే కబురు తెలిసింది, రేడియోలో. ఎగువ వాళ్ళకు పొగ శిఖరం దాటి వచ్చాక తెలిసింది. నెల్డా ఆడబిడ్డ పేరు ఐనా. ఆమె కొట్టం, చలికాలానికి దాచిన గడ్డితో సహా బూడిదైంది. ట్యాంకర్ ఆ సాయంత్రమంతా దిగువన దాణా కొట్టు ముందు నిండు నీళ్ళతో నిలబడే ఉంది. పైకి రమ్మని దానికి ఎవరూ చెప్పలేదు.

దాణా కొట్టు డోయల్ పికెట్‌ది. ప్రతి ఆదివారం సాయంత్రం ఏడింటికి రేడియోలో హాజరు పిలిచేది కూడా అతనే. లోయ పొడుగునా ఇంటి పేర్లు ఒక్కొక్కటే పిలుస్తాడు, ఇళ్ళవాళ్ళు పలుకుతారు. చివర "డెడ్‌హార్స్ ఎగువ" అంటాడు, ఆగుతాడు, "పలకలేదు" అంటాడు. ఆ పైన "ఆలస్యమైనవాళ్ళు ఎవరైనా ఉన్నారా" అని అదే ఊపిరిలో అడిగి ముగిస్తాడు. దానికి ఎవరూ పలకరు. హాజరుకు ఆలస్యం కావడం ఆ లోయలో నామర్దా. నెల్డా ఇదంతా చాలాసార్లు విన్నది, దిగువకు వెళ్ళినప్పుడు పరాయి బండ్లలో.

హాలులో డోయల్ ఆమెకు గడువు ఇచ్చాడు.

"జూన్ ఆఖరి ఆదివారం దాకా చూస్తాం నెల్డా. ఆ రోజు హాజరులో పలికావా, ట్యాంకర్ నీ గేటు దగ్గరికి నేనే తోలుకొస్తా. పలక్కపోతే ఇక్కడే ఉంటుంది. తర్వాత నా మీద పడొద్దు."

"పలుకుతాను," అంది నెల్డా.

అప్పటికి ఆమె దగ్గర రేడియోనే లేదు.

మొదట ఆమె పట్నంలో వేట సామాన్ల దుకాణానికి వెళ్ళి చేతి రేడియోల జత ఒకటి కొంది. అట్ట మీద ముప్ఫై అయిదు మైళ్ళని రాసి ఉంది. ఒకటి ఐనాకిచ్చి గొడ్ల పాక అవతల నిలబెట్టి, తాను వంటింట్లోంచి మాట్లాడింది. ఐనా గొంతు రేడియోలో రాలేదు గానీ కిటికీలోంచి బాగానే వచ్చింది. ఏమీ వినపడటం లేదని అరుస్తోంది.

మెర్ల్ ఆస్ట్రాండర్ ఆ అట్ట చూసి తృప్తిగా నవ్వాడు. అతనిది పక్క పొలం. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ప్రతి ఇంటి కప్పు మీదా టీవీ యాంటెన్నా ఎక్కించింది అతనే. తుంటి అరిగిపోయాక నిచ్చెన దిగి, సలహాలు ఎక్కడం మొదలుపెట్టాడు.

"ఈ మైళ్ళు చంద్రుడి మీద కొలిచుంటారు పిల్లా. అక్కడ కొండలు అడ్డం రావు."

బొమ్మలు కొన్నావని వారం రోజులు ఏడిపించి, తర్వాత అతనే దారి చెప్పాడు. ఫిడ్లర్ కొండ మీద దిగువ వాళ్ళు పెట్టుకున్న రిపీటర్ ఉంది. ఎవరి మాటైనా అందుకుని, కొండ మీది నుంచి లోయంతటికీ మళ్ళీ గట్టిగా చెప్పే పెట్టె అది. నెల్డా మాట ఆ పెట్టెకు అందితే చాలు, అందరికీ అందినట్టే. ఈ చేతి రేడియోలు ఆ పెట్టె చెప్పేది వింటాయి గానీ దానికి చెప్పలేవు. బండిలో పెట్టుకునే పెద్ద రేడియో కావాలి. దాన్ని బ్యాటరీ మీద నడపాలి, ఎందుకంటే మంటలొచ్చిన రోజున కరెంటు ఉండదు. రేడియో కంటే ముఖ్యం యాంటెన్నా. ఎంత గట్టిగా అరిచినా గోడ గోడే, అరవాల్సింది కిటికీలోంచి అన్నాడు మెర్ల్.

అలాంటి కిటికీ నెల్డా గడ్డి కొట్టం వెనక దిబ్బ మీద దొరికింది. అక్కడ నిలబడితే రెండు శిఖరాల మధ్య కనుమలోంచి ఫిడ్లర్ కొండ కొన మాత్రం కనిపిస్తుంది.

రేడియోలో మాట్లాడటానికి కావలసిన లైసెన్సు నెల్డా గ్రంథాలయంలో కంప్యూటర్ ముందు కూర్చుని తీసుకుంది. పరీక్ష లేదు. ఒకరు తీసుకుంటే ఇంటివాళ్ళందరికీ, ఆడబిడ్డలతో సహా, చెల్లుతుంది. ఐనా ఆ సంగతి విని, అన్నయ్య పెళ్ళితో తనకు ఒరిగింది ఇదొక్కటేనంది. మెర్ల్‌ను కూడా తీసుకోమంటే ప్రభుత్వానికి తన పేరు రాసివ్వనన్నాడు. అందుకని మైకు నొక్కే హక్కు అతనికి లేదు. అన్నీ చెప్పేవాడికి అదొక్కటే శిక్ష.

యాంటెన్నా నుంచి రేడియోకు వేసే కేబులు దగ్గర ఇద్దరికీ మాటామాటా వచ్చింది. పాకలో సన్న కేబులు చుట్ట ఒకటి ఊరికే ఉంది, అది చాలదా అంది నెల్డా.

"సన్న గొట్టంతో చేనంతా తడుపుతావా? నీళ్ళు చివరిదాకా రావు. దారిలోనే ఇంకిపోతాయి."

ఆ మాట ఆమెకు అర్థమైంది. బొటనవేలంత లావు కేబులు తెప్పించింది.

యాంటెన్నా జూన్ ఆఖరి శనివారానికి గానీ రాలేదు. పొడుగాటి కడ్డీ, దానికి అడ్డంగా చిన్న చిన్న కడ్డీలు. చూడటానికి చేపముల్లు. అది ఎటు చూస్తే మాట అటే పోతుంది. ఆదివారం పొద్దున నెల్డా దిబ్బ మీద స్తంభం పాతి, నిచ్చెన ఎక్కింది. మెర్ల్ కింద కుర్చీ వేసుకుని దిక్సూచి పట్టుకుని, కుడికి, ఇంకా కుడికి, ఎక్కువైంది, అని నడిపించాడు. చేపముల్లు తోకను స్తంభానికి బిగించి, మూతిని కనుమ వైపు తిప్పారు. చిన్న కడ్డీలన్నీ నేలకు అడ్డంగా ఉండేలా, పళ్ళెంలో పెట్టిన చేపలా పడుకోబెట్టారు. మెర్ల్ చేతి మీదుగా వెళ్ళిన యాంటెన్నాలన్నీ అలాగే పడుకున్నాయి.

కొట్టంలో కొత్తగా కొన్న పెద్ద రేడియోను బ్యాటరీకి తగిలించి నెల్డా మైకు నొక్కింది. లైసెన్సుతో వచ్చిన తన పిలుపు సంకేతం చెప్పి, వదిలింది. కొండ మీది పెట్టె అందుకుంటే వదిలిన వెంటనే చిన్న బుస వినపడాలి. వినపడలేదు.

ఆ తర్వాత పని తెమల్లేదు. పెట్టె తలుపు తెరిచే స్వరం ఒకటి ఉంటుంది, తాళంచెవి లాంటిది. దాని అంకె సరిచూశారు, సరిగానే ఉంది. కేబులు కొసలు విప్పి మళ్ళీ బిగించారు. యాంటెన్నా మూతిని వేలెడు అటు, వేలెడు ఇటు జరిపారు. ఒకసారి పెనంలో నూనె చిటపటల మధ్య ఎవరిదో గొంతు వచ్చి పోయింది. మెర్ల్ మాటలు తగ్గాయి. దానికి నెల్డాకు రేడియో మౌనం కంటే ఎక్కువ భయం వేసింది.

సాయంత్రానికి ఐనా రూబార్బ్ కాడలతో 'పై' అనే తీపి వంటకం చేసి తీసుకుని వచ్చింది. పికప్ బండి వెనక తలుపు దించి కూర్చుని, ఈ చేపను వేయించుకు తినడమే మేలంది. ఎవరూ నవ్వకపోయేసరికి తనూ ఊరుకుంది. ఆమె కూర్చున్న చోటి నుంచి కాలిన కొట్టం పునాది కనిపిస్తుంది.

ఏడయింది. పెద్ద రేడియో గరగరలాడుతూనే ఉంది. నెల్డా చేతి రేడియో ఒకటి తీసి చొక్కా జేబుకు తగిలించుకుని, నిచ్చెన ఎక్కింది. కనీసం హాజరు ఎంతదాకా వచ్చిందో తెలుస్తుందని. దిబ్బ మీద ఆ బొమ్మ పలికింది. సన్నగానే అయినా మాట తెలుస్తోంది. డోయల్ వంతెన దగ్గర ఇళ్ళు పిలుస్తున్నాడు. వాళ్ళు పలుకుతున్నారు.

బొమ్మకు వినపడేది అంత పెద్ద యాంటెన్నాకు ఎందుకు వినపడదు?

నట్టు ఇంకోసారి చూద్దామని నెల్డా స్తంభం మీదుగా పక్కకు బాగా ఒరిగింది. డోయల్ గొంతు పోయింది. నిటారుగా లేచింది. వచ్చింది. మళ్ళీ ఒరిగింది. పోయింది. జేబులోంచి రేడియో తీసి చేత్తో పట్టుకుని, నిలబెట్టింది, పడుకోబెట్టింది, నిలబెట్టింది. నిలబెడితే డోయల్ ఉన్నాడు. పడుకోబెడితే లేడు.

ఆమె తన ముక్కు ముందున్న చేపముల్లును చూసింది.

"మెర్ల్, ఆ కొండ మీద వాళ్ళ యాంటెన్నా ఎలా ఉంటుంది?"

"ఎలా ఉంటుందేంటి? స్తంభంలా. నిలువుగా."

"మరి మనది పడుకునుందే."

మెర్ల్ కుర్చీలోంచి లేచాడు.

"టీవీలకి పడుకోబెట్టాలి," అన్నాడు. తర్వాత, "ఇది టీవీ కాదు," అన్నాడు. ఆ తర్వాత చర్చిలో అనకూడని మాట ఒకటి తన మీద తనే వేసుకున్నాడు.

కింద ఐనా అప్పటికే పానా పట్టుకుని నిచ్చెన దగ్గరికి వచ్చింది. నెల్డా అందుకుంది. జేబులో డోయల్ పాత గని మలుపు దాటాడు. ఇంక నాలుగు ఇళ్ళు. పొద్దున తానే బలమంతా పెట్టి బిగించిన నట్లు ఇప్పుడు రాలేదు. ఒకటి వదిలింది. జేబులో ఇంకో ఇల్లు పలికింది. రెండోది వదిలింది. కడ్డీ పట్టుకుని పావు చుట్టు తిప్పింది. పడుకున్న కడ్డీలన్నీ లేచి నిలబడ్డాయి. మూతి కనుమ మీదే ఉందా అని అరిచింది. ఉంది, బిగించమన్నాడు మెర్ల్.

"డెడ్‌హార్స్ ఎగువ," అన్నాడు డోయల్ జేబులోంచి.

నెల్డా చేతిలో నట్టు ఇంకా సగమే బిగిసింది. కొట్టంలోకి వెళ్ళి నువ్వు నొక్కమని ఐనాను కేకేసింది. ఐనా పరుగెత్తింది. కానీ దూరం ఉంది, ఆమెకు అరవై దాటాయి.

డోయల్ ఆగాడు. ఆ రోజు మామూలు కంటే ఎక్కువసేపే ఆగాడు.

"పలకలేదు."

నెల్డా చివరి నట్టు బిగించి, పానా కింద పడేసి, నిచ్చెన మెట్లు సగం వదిలేసి దూకింది. దిబ్బ మీద నుంచి జారుతూ కొట్టం తలుపు చేరేసరికి ఐనా మైకును రెండు చేతుల్తో పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నిలబడి ఉంది. పెద్ద రేడియోలో గరగర లేదు. డోయల్ గొంతు పక్క గదిలోంచి వచ్చినంత తేటగా ఉంది.

"ఆలస్యమైనవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఈసారి అదే ఊపిరిలో ముగించలేదు. అడిగి, ఊరుకున్నాడు.

నెల్డా మైకు లాక్కుంది. సంకేతం చెప్పింది. ఊపిరి అందలేదు, మళ్ళీ చెప్పింది. "డెడ్‌హార్స్ ఎగువ. ఆలస్యమైంది."

వదిలింది. చిన్న బుస వినపడింది. ఆ బుస కోసం ఆమె పొద్దుటి నుంచి చూస్తోంది.

డోయల్ గొంతు వచ్చింది.

"గట్టిగా, స్పష్టంగా ఉంది ఎగువా. ఎంత ఆలస్యం?"

"ఆగస్టు నుంచి."

డోయల్ గొంతు సవరించుకున్నాడు. ట్యాంకర్‌లో రాత్రికే నీళ్ళు నింపిస్తానని, పొద్దున్నే బయల్దేరతానని, గేటు తీసి ఉంచమని చెప్పాడు. ఆ పైన హాజరులో ఎప్పుడూ అనని మాట ఒకటి అన్నాడు. ఇంకోసారి పలకమన్నాడు, దిగువన కొంతమంది సరిగ్గా వినలేదంటున్నారట.

వాళ్ళు వినకపోవడం అబద్ధమని నెల్డాకు తెలుసు. అయినా పలికింది. వంతెన దగ్గరి ఇళ్ళ నుంచి పాత గని మలుపు దాకా ఒక్కొక్కరే వచ్చి, విన్నామని చెప్పారు. వంతు చూసుకోకుండా వస్తున్నవాళ్ళను డోయల్ ఆపలేకపోయాడు.

ఆ సందడి సద్దుమణిగాక ఐనా మైకు తీసుకుంది. రేడియోలో ఆమెకు అదే మొదటిసారి. దగ్గరగా పెట్టుకుని, నిదానంగా మాట్లాడింది.

"డోయల్, కిందటేడు మీ ఇంటికి రూబార్బ్ పై పెట్టి పంపిన నా గిన్నె ఇంకా రాలేదు. ట్యాంకర్‌తో పాటు అదీ పట్టుకురా."

మెర్ల్ కొట్టం గుమ్మంలో తుంటి పట్టుకుని నిలబడి ఇదంతా విన్నాడు. అతనికి చెప్పాల్సింది చాలా ఉంది, చెప్పే హక్కు లేదు. చివరికి నెల్డా వైపు తిరిగి, ఆ గ్రంథాలయం సోమవారం తెరుస్తారా అని అడిగాడు.

మర్నాడు ట్యాంకర్ మలుపులు ఎక్కుతుంటే డోయల్ దారి పొడుగునా ఎక్కడున్నాడో రేడియోలో చెబుతూ వచ్చాడు. నెల్డా ప్రతిసారీ పలికింది. గేటు దగ్గర ఇంజను ఆపి, ముందు పక్క సీటు మీంచి గిన్నె తీసి ఐనా చేతిలో పెట్టి, తర్వాత ట్యాంకర్ తాళంచెవి నెల్డాకిచ్చాడు.