పసుపు రాసిన టైర్లు

పెళ్ళయ్యాక మంజునాథ మొట్టమొదట కొన్నది నాకు చీర కాదు, పికప్ బండికి నాలుగు పెద్ద టైర్లు. పాతవాటికన్నా ఎత్తు, వెడల్పు. వానాకాలంలో చేమంతి తోట బురదలో బండి దిగబడకూడదని. పూజ రోజు అత్తమ్మ కొత్త కోడలినని నా చేతే టైర్లకి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పసుపు పూయించింది. నా అరచేతులూ టైర్లూ ఒకటే రంగు. ఎంత ముద్దుగా ఉన్నాయో!

మర్నాడు పొద్దున్నే పూల మూటలతో చిక్కబళ్ళాపురం మార్కెట్టుకి బయల్దేరాం. కొత్త జంట ముందర కూర్చోవాలని మామ మునిశామప్ప వెనక మూటల మీదికెక్కాడు. క్యాబిన్ పైన ఒక్క దెబ్బ కొడితే ఆపు, రెండు కొడితే పో. అదీ ఆయన లెక్క.

గుడిబండె దాటగానే బండి ఎగిరెగిరి పడసాగింది. కంకర పోసిన చోట మంజు స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు మాట వినకుండా పక్కకి జారాయి. వెనక ధబ్బుమని చప్పుడు. క్యాబిన్ మీద ఒక్క దెబ్బ.

దిగి చూస్తే మామ తాడు పట్టుకుని, ఒక కాలు బండి బయటికి వేలాడుతూ ఉన్నాడు.

"ఏమప్పా, పూలతో పాటు నన్నూ చల్లేస్తావా?" అన్నాడు. నవ్వుతున్నాడు గానీ తాడు మాత్రం వదల్లేదు.

ముందర ఏటవాలు రోడ్డు, దాని నిండా కంకరే. పక్కనే రాయి తీసి వదిలేసిన లోతు గుంత. పైన మబ్బు కమ్ముకొస్తోంది.

"మామా, మీరు ముందరికి రాండి."

"మూటలెవరు పట్టుకుంటారమ్మా? మీరు ముందర చూసుకోండి."

మంజు టైరుని కాలితో తన్నాడు. "గాలి చాల్లేదు. పెద్ద టైర్లు గదా, ఇంకా కొట్టించాల్సింది."

నేను మాత్రం నా పసుపునే చూస్తున్నాను. నడిమధ్య పూర్తిగా చెరిగిపోయింది. రెండంచులా మాత్రం పూసింది పూసినట్టే ఉంది.

"చాలక కాదు, ఎక్కువైంది! నడుమ మాత్రమే నేలకి ఆనుతాంది. ఎంత కొట్టించినావు?"

"టైరు మీద అచ్చేసుండాదే, అంత."

"అది అంతకు మించొద్దని చెప్పే అంకె. పూల బరువుకి అంత యాల?"

"తీసేసినాక తక్కువైతే? పంపు లేదు, యాడ తెస్తావు? టైరు రిమ్ము వదిలేసిందంటే వెనకుండే మా అప్ప గుంతలో ఉంటాడు."

"కొంచెం వదిలి, పసుపు పూసి చూద్దాం," అన్నాను. జడపిన్ను తీసిచ్చాను. నాలుగు చక్రాలకీ కొంచెం కొంచెం గాలి వదిలాడు. పూజలో మిగిలి బండిలోనే ఉన్న పసుపు నీళ్ళలో కలిపి మళ్ళీ పూశాను. చదునులో కాస్త ముందుకి నడిపాడు. అంచులు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

మళ్ళీ వదిలాం, మళ్ళీ పూశాను. మొదటి చినుకు నా చేతి మీద పడింది.

"తొందరగా పూయమ్మా, వాన కడిగేస్తాది!" అని మామ పైనుంచి కేక.

ఈసారి టైరు వెడల్పంతా పసుపు ఒకేలా చెరిగింది.

"ఇంకొంచెం తీద్దామా?" అన్నాడు మంజు.

"వద్దు. పిన్ను నాకిచ్చెయ్."

ఆ ఏటవాలు రోడ్డు దిగడం మొదలుపెట్టాం. బండి ఎగరలేదు. అంతలో మలుపులో ఎదురుగా బస్సు, రోడ్డు మొత్తం తనదే అన్నట్టు. మంజు బ్రేకు తొక్కాడు. కంకర గరగరలాడింది. బండి గుంత వైపు కొంచెం లాగి, టైర్లకి నేల పట్టు దొరికి, నిలిచిపోయింది. బస్సు మమ్మల్ని రాసుకుంటూ వెళ్ళిపోయింది.

వెనక నుంచి చప్పుడు లేదు. అద్దంలో టార్పాలిన్ తప్ప ఏమీ కనబడలేదు. మంజు తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

టక్. క్యాబిన్ మీద ఒక్క దెబ్బ. మంజు తలుపు తీయబోయాడు.

టక్.

మంజు తలుపు పిడి వదిలేశాడు. "రెండు," అన్నాడు మెల్లగా. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. పసుపు చేత్తోనే అతని చెవి మెలిపెట్టి, "పో మరి," అన్నాను.