అత్తయ్య చేతిలో క్లచ్చు

నేను డ్రైవింగ్ నేర్చుకున్నది ఎక్కడికో వెళ్ళడానికి కాదు. రోజుకో గంట మా అత్తయ్య గొంతు వినపడని చోట ఉండడానికి. మాది రెండు గదుల ఇల్లు. నేను ఏ గదిలో ఉంటే ఆవిడకు ఆ గదిలోనే పని పడుతుంది. చెడ్డమనిషి కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. కానీ నేను గ్లాసు ఎక్కడ పెట్టినా వెనకాలే వచ్చి దాన్ని అంగుళం పక్కకు జరుపుతుంది. అలాంటి మనిషితో ఒక్క వారం ఉండి చూడండి, తెలుస్తుంది.

మా ఆయన ఎక్కడినుంచో పాత కారు ఒకటి తెచ్చాడు. దానికి ఒకటే రోగం. క్లచ్ నొక్కితే పెడల్ కిందకు పోతుంది, మళ్ళీ పైకి రాదు. బురదలో దిగబడ్డ చెప్పులా అక్కడే ఉండిపోతుంది. కాలి వేళ్ళు దాని కిందకు దూర్చి ఎత్తుకోవాలి. ఎత్తేలోపు వెనకున్న బళ్ళవాళ్ళు హారన్లతో నా ఏడు తరాలనూ తలుచుకుంటారు.

మెకానిక్ దగ్గరకు తీసుకెళ్ళాను. చేతిలో పని ముగించి, టీ తాగి, సాయంత్రానికి తీరిగ్గా వచ్చి పెడల్ నొక్కాడు. అది బుద్ధిగా పైకి లేచింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ లేచింది.

"బాగానే ఉందిగా అమ్మా."

"దారి పొడుగునా ఇరుక్కుందండీ! ఒట్టు."

"నా కాలికి కనపడని జబ్బుకి నేను మందు వెయ్యను."

ఎన్నిసార్లు వెళ్ళినా ఇదే తంతు. చివరికి తేడా కారులో కాదు, నాలోనే ఉందన్నట్టు జాలిగా చూడడం మొదలుపెట్టాడు. ఒళ్ళు మండి ఆ షెడ్డు మొహం చూడడం మానేశాను.

అప్పుడు అత్తయ్య రంగంలోకి దిగింది. బట్టలారేసే తాడు కోసి, ఒక కొస పెడల్‌కు ముడేసి, రెండో కొస చేతికి చుట్టుకుని నా పక్క సీట్లో కూర్చుంది.

"నువ్వు నొక్కు అమ్మాయ్, నేను ఎత్తుతా. 'లాగండి' అను చాలు."

ఎవరినుంచి పారిపోదామని కారెక్కానో ఆవిడే పక్కన! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయితే ఉన్నమాట చెప్పుకోవాలి, ఆవిడ చెయ్యి మహా మంచిది. బండి కుదుపు లేకుండా కదలాలంటే ఎంత మెల్లగా లాగాలో వారంలో పట్టేసింది.

పరీక్ష రోజున లైసెన్సులిచ్చే అధికారి వచ్చి ముందు తలుపు తీశాడు. లోపల అత్తయ్య.

"దిగండమ్మా, అది నా సీటు."

"అలాగే బాబూ. మరి ఇది నువ్వు పట్టుకుంటావా?" అని తాడు చాచింది.

ఆయన తాడు పొడుగునా పెడల్ దాకా చూసి, ఆ తలుపు వేసి వెనక కూర్చున్నాడు. ఎత్తు మీద ఆపి కదిలించాం, వెనక్కు పోనిచ్చాం, ఎక్కడా ఏదీ తగల్లేదు. దిగేటప్పటికి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా న్యాయం తప్పని మనిషి.

"వంక పెట్టడానికేం లేదు. కానీ నొక్కింది ఈవిడ, ఎత్తింది ఆవిడ. బండి నడిపింది ఎవరని రాసుకోను?"

లోపల పై అధికారితో చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. చివరికి మా ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి ఫోటో తీసి, ఇద్దరికీ కలిపి ఒకే లైసెన్సు చేతిలో పెట్టారు. ఇద్దరూ ముందు సీట్లలో ఉంటేనే చెల్లుతుందట. ఐదేళ్ళ దాకా మార్చే వీల్లేదట. ఫోటోలో అత్తయ్య నా జుట్టు సర్దుతోంది. నా గంట కాస్తా గంగలో కలిసిందని నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆ ఉక్రోషంలో కారును తిన్నగా షెడ్డుకు పోనిచ్చాను. కనీసం తాడు బాధన్నా వదలాలి కదా. మెకానిక్ మమ్మల్ని చూసి, "ఉంచండమ్మా, టీ తాగొచ్చి చూస్తా," అన్నాడు. అత్తయ్య అతని చొక్కా పట్టుకుని ఆపింది.

"ఎక్కడికయ్యా? ఇంటి దగ్గర ఈ తాడు తేలిగ్గా వస్తుంది. రెండో సిగ్నల్ దాటాక బరువెక్కుతుంది. వంతెన ఎక్కేసరికి నా భుజం పీకేస్తుంది. ఒళ్ళు కాలినప్పుడే దీనికి రోగం. నువ్వేమో చల్లారబెట్టి చూస్తావు! ఇప్పుడు నొక్కు."

నొక్కాడు. పెడల్ కిందే ఉండిపోయింది. తప్పిపోయిన తమ్ముడు దొరికినంత సంబరపడిపోయాడు. బానెట్ ఎత్తి చూస్తే, క్లచ్ కేబుల్ పోయి పోయి పొగగొట్టానికి ఆనుకుని ఉంది. వేడికి లోపలి ప్లాస్టిక్ గొట్టం మెత్తబడి తీగను పట్టేస్తోందన్నమాట. కొత్త కేబుల్ వేసి, పొగగొట్టానికి దూరంగా తిప్పి బిగించాడు. పెడల్ నా కాలిని ఎగరేసినంత పని చేసింది.

తిరిగొస్తుంటే అత్తయ్య తాడు ఒళ్ళో పెట్టుకుని ముక్కు చీదుతోంది. తాడు పని పోయిందని బెంగ కాబోలనుకున్నాను. "రోజూ మిమ్మల్నీ తీసుకెళ్తా కదా అత్తయ్యా," అన్నాను.

"అదేనమ్మాయ్ నా ఏడుపు!" అంది. "లైసెన్సొస్తే రోజుకో గంట నువ్వు బయటికి పోతావు, ఇల్లు నాకొక్కదానికే ఉంటుందనే కదా, భుజం పడిపోతున్నా లాగాను. నీ గొంతు వినపడని గంట ఒక్కటి, నా బతుక్కి!"

కారు పక్కకు తీసి ఆపాను. నాకు నవ్వు ఆగలేదు. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని తనూ నవ్వేసింది. ఆవిడ మీద అంత ప్రేమ పుట్టడం నాకు అదే మొదలు.

ఇప్పుడు రోజూ వంతెన దాటి వెళ్ళి ఆపుతాం. నేను కారులో ఉంటాను, ఆవిడ కనపడనంత దూరం నడుచుకుంటూ పోతుంది. మర్నాడు ఆవిడ కారులో, నేను రోడ్డు మీద. గంట కాగానే ఇద్దరం మళ్ళీ ముందు సీట్లలో చేరతాం. ఆవిడ తాడు చేతికి చుట్టుకుంటుంది. రెండో కొస దేనికీ కట్టి లేదు.

"లాగండి," అంటాను. లాగుతుంది.