తెరమీది సన్నజడ

వానలు కడిగిన యాకసమున కార్తికసూర్యుడు పశ్చిమమునకు జారుచు కృష్ణాతీర కేదారములయందలి వరివెన్నులకు పసిడిపూత పూయుచుండగా ఏటి యిసుకదిబ్బలనుండి వీచు చలిగాలి రెల్లుపూల వెండికుచ్చుల నూపుచుండగా ఇండ్లకు మరలు పసులమంద రేపిన ధూళి చింతతోపులపై పలుచగా నిలిచియుండగా గంటలపాలెమను గ్రామమున కొండిపర్తి మార్కండేయులు గోడయద్దమునకు వీపునిచ్చి చేతియద్దమున తన నడినెత్తిని చూచుకొని దీర్ఘముగా నిట్టూర్చెను.

ఆతడు నలువదియైదేండ్లవాడు. అయిదవ తరగతితో బడికి దండము పెట్టి కాళ్లకు గజ్జె కట్టినవాడు. ఆ యూరి మేళమున పురుషులే స్త్రీవేషములు ధరింతురు. అందు నాయికావేషము చిరకాలముగా నాతనిదే. ఆ వేషమున కొక యాచారము కలదు. ఇరువురు పట్టిన తెరవెనుక నిలిచి నాయిక తన దీర్ఘవేణిని తెరమీదుగా సభవైపునకు వ్రేలవేయును. నాట్యమున నన్నోడింపగలవా డున్నచో వచ్చి యీ జడను ఖండించుకొని పోవచ్చునని దాని భావము. ఇతర మేళములవారు సవరములు తగిలించుకొని యీ ప్రగల్భము పలుకుదురు గాక, పణమొడ్డునది సొంతము కావలెననియు, అరువు జుట్టు తెరకెక్కరాదనియు కొండిపర్తివారి కట్టుబాటు.

అట్టి వంశమున బుట్టిన మార్కండేయులకు పెద్దల యాస్తిలో గజ్జెలతోపాటు బట్టతలయు సంక్రమించెను. నుదుటి కిరుప్రక్కల జుట్టు వెనుకంజ వేసెను. నడినెత్తిన రూపాయిబిళ్లంత పుట్టిన నున్నదనము దోసెడు వెడల్పాయెను. వెనుకటి కేశములు నిలిచినను పైజుట్టు వచ్చి కలియనందున జడ నానాటికి సన్నగిల్లెను. దాయాదియగు చిదంబరము తుమ్మెదల గుంపువంటి తన జుట్టు నిమురుకొనుచు దీనిని కనిపెట్టియే యుండెను.

“అన్నయ్యా, ఈ జడ తెరమీద వేస్తే తెరకి దారం ఊడిందనుకుంటారు జనం. ఈసారికి వేషం నాకియ్యి” అనెను.

“జుట్టుంటే చాలంటే గుర్రానికీ తోకుందిరా, కట్టించు గజ్జెలు. అయినా మనిద్దరికీ తాత ఒకడే. నీ నెత్తి ఇంకా తొందరపడలేదంతే.”

అట్లు బదులు చెప్పెనే కాని లోన ముల్లు నాటుకొనెను. వినాయకచవితి వెళ్లినంతనే యాతడు బెజవాడకు బోయి చర్మవైద్యురాలగు హైమవతికి శిరస్సు చూపెను.

“ఇది మగవాళ్లకి వంశంలో వచ్చే బట్టతలండి. పూర్తిగా పోగొట్టే మందు లేదు, ఆపడానికి మార్గాలున్నాయి” అని యామె యోపికతో చెప్పెను. “ఒకటి, రోజూ నెత్తికి రాసుకునే మందు. నెలల తరబడి రాయాలి. మొదట్లో ఇంకాస్త రాలుతుంది, కంగారుపడకూడదు. మానేస్తే వచ్చిందీ పోతుంది. రెండోది మాత్ర. కొద్దిమందికి మగతనం విషయంలో ఇబ్బంది రావచ్చు, వస్తే దాచకుండా చెప్పాలి.”

“మా ఊళ్లో సగంమంది నాకా ఇబ్బంది ఎప్పుడో వచ్చిందనుకుంటున్నారండీ. మా ఆవిడతో మాత్రం మీరే చెప్పుకోవాలి.”

వైద్యురాలు నవ్వాపుకొని మూడవ మార్గము చెప్పెను. “వెనకవైపు కుదుళ్లు తీసి ముందు నాటొచ్చు. ఆ జుట్టు చాలావరకు నిలుస్తుంది. కాకపోతే వెనకంతా పొట్టిగా కత్తిరించాలి.”

ఆ మాట చెవినిబడుటయే తడవుగా నంతవరకు రోగివలె నొదిగి కూర్చున్న మార్కండేయులు వెన్ను నిక్కించి గడ్డమెత్తి రంగస్థలముమీది నాయికయే యైపోయెను.

“అమ్మా, ఈ జడ కత్తిరించాలంటే ముందు నన్ను ఆటలో ఓడించాలండి. మీరాడతారా?”

“నాకు కోలాటం కూడా రాదండి. రాసుకునే మందుతోనే మొదలుపెడదాం.”

మొదలుపెట్టెను. ఆమె చెప్పినట్లే ముందు రాలెను. చెప్పి రాలినను రాలినది రాలినదే కదా. దువ్వెనతో వచ్చిన ప్రతి పాయయు వాని గుండెనుండి వచ్చినట్లుండెను. కార్తికపున్నమినాటి ప్రదర్శనమునకు జడ చిటికెనవ్రేలి లావున నిలిచెను.

ఇదిగో నేడే యా పున్నమి. నడినెత్తిని నాగరమను శిరోభూషణము కప్పెను గాని జడను కప్పుట కేదియు లేకపోయెను. మేళనాయకుడును పినతండ్రియు నగు దక్షిణామూర్తి మెల్లగా దరిజేరి “ఒరే, ఈ ఒక్కసారికి సవరం పెట్టుకో. నేను చూళ్లేదనుకుంటా” అనెను.

“మీరు చూడకపోతే సరిపోదు బాబాయ్. రేపెవడైనా నన్ను గెలిస్తే వాడి చేతిలో ఏం పెడతాను, బజార్లో కొన్నదా?”

దీపములు వెలిగెను. వేరొక వేషమునకు గజ్జె కట్టియున్న చిదంబరము తెర యొక కొనను, ఇంకొకడు రెండవ కొనను పట్టిరి. సన్నజడ తెరదాటి సభకు కానవచ్చెను. కాలు చూడనేరక జడలు కొలుచుటకు వచ్చు రసికు లేయూరనైన నుందురు. “అది జడా, మొలతాడా?” అని యొక గొంతుక కేకవేసెను. సభ యెల్ల భగ్గున నవ్వెను.

తెరవెనుక మార్కండేయుల ముఖము కుంపటివలె మండెను. జడ వెనుకకు లాగికొన్నచో ఆ వేషము నేటితో సరి. లాగికొనలేదు.

“బాబాయ్, పళ్లెంలో కత్తెర పెట్టి జడ కింద ఉంచండి” అని బిగ్గరగా బలికెను. “నవ్వినవాళ్లు దయచేయండి. సన్నజడ, తెగడం సులువే. నా అడుగుమీద అడుగువేసి తెంపుకుపోండి.”

దక్షిణామూర్తి యట్లే పళ్లెము నుంచెను. నవ్వులు ఆగిపోయెను. ఒక్కడును లేవలేదు. అప్పుడు చిదంబరము తెరకొనను పినతండ్రి చేతికిచ్చి కత్తెర తీసికొని తెరముందు నిలిచెను.

“నేనొస్తున్నా అన్నయ్యా.”

“రా. ఇన్నాళ్లకి మనవాడొకడు సిగ్గు విడిచాడు.”

మృదంగము మ్రోగెను. తెరక్రింద మార్కండేయుల పాదములు, తెరముందు చిదంబరము పాదములు. నిదానమగు ఒకటవ కాలమున రెండు జతల గజ్జెలు నొక్కటియై పలికెను. వేగము రెట్టించిన రెండవ కాలమున పోటాపోటీగా సాగెను. మూడవ కాలమున చిదంబరము మడమ రెప్పపాటు వెనుకబడెను. సభవారెవ్వరును పట్టలేదు, చప్పట్లు చరచుచునే యుండిరి. చిదంబరము మాత్రము తనంతట తానాగి కత్తెరను పళ్లెమున బెట్టెను.

“తప్పింది అన్నయ్యా. ఎవరూ చూళ్లేదు.”

“నేను విన్నానులేరా” అని తెరవెనుకనుండి మాట వచ్చెను. “తెర పట్టు. దించుదువుగాని.”

చిదంబరము రెండుచేతులతో తెర పట్టుకొని ప్రభువు ముందు వంగినట్లు వంగి దానిని దించెను. నాయిక ప్రవేశించెను. ఆ నడకలోని ఠీవిని, ఆ చూపులోని ధిక్కారమును కన్నవారికి జడయెంతదో మరల జ్ఞప్తికి రాలేదు. తనదైన దానిని, అది చిటికెనవ్రేలంతయే యగుగాక, పదిమంది యెదుట కత్తెరక్రింద నుంచి నిలువగలవానిని గెలుచుటకు నిండుజుట్టు చాలదు.