దాలినాయుని కుడిమలుపు

నిదాఘభానుని ప్రచండకిరణపరంపరలకు కరగిన తారు చక్రముల కంటుకొనుచుండ వేపచెట్ల నీడలు సైతము మొదళ్లయొద్ద ముడుచుకొనియున్న వైశాఖమధ్యాహ్నమున రవాణాకార్యాలయ ప్రాంగణమునుండి యొక లారీ మెల్లగా బయలువెడలెను.

దానిని నడపుచున్నవాడు దాలినాయుడు. పదునెనిమిదేండ్లు క్లీనరై యెడమకిటికీనుండి చేయి చాచి మలుపులు చూపినవాడు. ఆ పాడలవాటుచేతనే యిండికేటరు మఱచి చేయి చాచి రెండుమాఱులు లైసెన్సు పరీక్ష తప్పెను. నేడును తప్పెనేని స్టీరింగు మఱియొకని కిత్తునని యజమాని తెగేసి చెప్పియుండెను.

ప్రక్కన నాసీనుడైన పరీక్షాధికారి భుజంగరావు జన్మతః సంశయాత్ముడు. కట్టుకొన్న యిల్లాలిచ్చిన కాఫీనైనను వాసన చూడక త్రాగడు. దాలినాయుడు నేడు ప్రతిమలుపునకును ముందుగా నద్దము చూచి తగిన దూరముననే యిండికేటరు వేయుచుండుట ఆయనకు మింగుడుపడలేదు. నెలదినములు పట్టుదలతో సాధన చేసి వచ్చెనేమో యన్న తలంపే కలుగలేదు. "వీనికింత నేర్పెక్కడిది? ఎవడో వెనుకనుండి యందించుచున్నాడు" అనుకొని యద్దమున తొంగిచూడగా నొక తెల్లకారు వెన్నంటి వచ్చుచుండెను. ఇంకేమి, అనుమానము స్థిరపడెను.

"కుడికి త్రిప్పుము."

దాలినాయుడు కుడి యిండికేటరు వేసి వేగము తగ్గించెను గాని త్రిప్పడయ్యె. వాని చూపు అద్దములోని తెల్లకారుపైననే యుండెను. మన రహదారులపై లారీ కుడిదీపము మిణుకుమన్నచో వెనుకవాడు దానిని మలుపని తలపడు, దారి యిచ్చి దాటిపొమ్మన్నాడనుకొనును. ఈ మర్యాదను పుట్టించినవారు లారీవారే.

"ఇండికేటరు వేసి నిలిచితివేమి? త్రిప్పవేమయ్యా! తప్పు వేయుదునా?"

"వేయుడు బాబూ. ఆ కారువానిమీద నాకు నమ్మకము లేదు."

కలము కాగితమును తాకునంతలో నా కారు హారను మ్రోగించుచు దాలినాయుని మోచేతిని రాచునంత చేరువగా కుడిప్రక్కనుండి రివ్వున దూసికొనిపోయెను. భుజంగరావునకు పైప్రాణములు పైననే పోయినవి. చెమట తుడుచుకొని యడిగెను.

"ఆ కారును నీవే కుదిర్చి తెచ్చితివా?"

ఔరా, ఏమి మనుష్యుడండీ!

"అయ్యో బాబూ! నా చావునకు నేనే కారు కుదుర్చుకొందునా?" అని దాలినాయుడు భోరుమనెను.

భుజంగరావు కాగితమున నుత్తీర్ణుడని వ్రాసెను. దీపము వెలిగించినంత మాత్రమున మన పని తీరదు. చూచినవాడు దానినెట్లు గ్రహించెనో తెలియువఱకు చక్రము త్రిప్పరాదు.