తేనెటీగలకు చెప్పిన మాట

ఊరి హాల్లో మంత్రగత్తె వేషానికి మనుషుల్ని చూస్తున్నారు. లండన్ నుంచి నటిని రప్పించే స్తోమత లేదు గనక ఊళ్లోని ముసలమ్మలే దిక్కని దర్శకుడు రూఫస్ తేల్చేశాడు. కథ రాసిన ఆల్విన్ అతని పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు. తలుపు తోసుకుని హెస్టర్ లోపలికి వచ్చేసరికి కప్పు కింద పెట్టేశాడు.

హెస్టర్ అతనికి సొంత మేనత్త.

"సినిమా కథ రాస్తున్నావని ఊరంతా చెప్పుకుంటున్నారు. అత్తకి చెప్పక్కర్లేదట్రా?" అంది కోటు గుండీలు విప్పుతూ. "వేషం ఇస్తే ఇచ్చారు, లేకపోతే లేదు. అల్లం కేకు తెచ్చాను, తినండి."

రూఫస్‌కి ఆవిడ ముఖం నచ్చింది. "ఇదుగోనమ్మా, ఈ కాగితంలో ఉన్నది చదవండి."

"కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను నాయనా. నువ్వు చదవరా ఆల్వీ, నీ వెనకాలే అంటాను."

ఆల్విన్ కాగితం అందుకున్నాడు. కిందటి చలికాలం మామయ్య శవం ఇంట్లో ఉండగానే అత్త తోటలోని తేనెపెట్టెల దగ్గరికి నడిచింది. ఇంటి పెద్ద పోతే తేనెటీగలకు చెప్పాలని అక్కడి ఆచారం, చెప్పకపోతే అవి పెట్టెలు వదిలి ఎగిరిపోతాయట. ఒక్కో పెట్టె మీదా తాళంచెవితో తట్టి, వంగి చెప్పింది. ఓదార్చడానికి వెళ్లిన ఆల్విన్ కంచె ఇవతలే నిలబడి అంతా విన్నాడు. ఆవిడ దగ్గరికి పోకుండానే వెనక్కి తిరిగి, మరిచిపోకముందే రాసుకున్నాడు.

"మీ పెద్దాయన పోయాడు," అని చదివాడు. "ఇక నేనే మీకు దిక్కు. నన్నొదిలి పోకండి."

హెస్టర్ కేకు డబ్బా మూత పెట్టింది. తర్వాత ఆ మాటలు, ఆ రోజు అన్నట్టే, మెల్లగా అంది.

"బాగుందమ్మా, కానీ జాలేస్తోంది," అన్నాడు రూఫస్. "ఇది మంత్రగత్తె. తేనెటీగల్ని ఊరి మీదికి ఉసిగొల్పుతుంది. చివర్న విరగబడి నవ్వాలి. జనం జడుసుకోవాలి."

"నవ్వాలా?" ఆవిడ రూఫస్‌ని చూడలేదు. "నవ్వమని నువ్వే రాశావట్రా?"

ఆ ఒక్క సన్నివేశం చూసే డబ్బు పెట్టేవాడు ఒప్పుకున్నాడు. అది లేకపోతే సినిమా లేదు. తీసేద్దాం అనడానికి ఆల్విన్ నోరు తెరిచాడు. రూఫస్ అతనివైపే చూస్తున్నాడు.

"అవునత్తా. కథకి అలా కావాలి."

"ఓహో. కథకా."

ఆవిడ నవ్వింది. మూలన టీ పోస్తున్న మనిషి చెయ్యి అలాగే నిలిచిపోయింది. రూఫస్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. "దొరికేసింది! అమ్మా, ఇంకొక్కసారి, కాస్త గట్టిగా!"

హెస్టర్ మేనల్లుడి వైపు తిరిగి, అతను సరేననేదాకా ఆగింది. ఆల్విన్ కాగితంలోకి చూస్తూ తలూపాడు.