విప్పిన బండి

తొమ్మిదయ్యేసరికి భాగ్యమ్మ ముందున్న బత్తాయి గుట్ట మూడు గుట్టలైంది. పెద్దకాయ ఎడమకు, నడిమికాయ ఎదురుగా, చిన్నది కుడికి. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్టు తెరిచిన నాటి నుంచీ ఆమె పొద్దు ఇలాగే మొదలవుతోంది. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు. ఎడమ మోకాలు ముడుచుకోదు గనుక ఆ కాలు చాపుకునే కూర్చుంటుంది. తొక్క నూనెకు గోళ్ల చుట్టూ చర్మం పచ్చబడింది, ఎంత కడిగినా ఆ పసుపు పోవటం మానేసి చాలా కాలమైంది.

చివరి కాయ వేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, తట్ట మోసేటప్పుడు తల మీద పెట్టుకునే చుట్టబట్టను నడుముకు దోపుకుంది.

“ఇగ రెండో డ్యూటీకి పోతున్నవా?” అంది పక్కన కాయలేరే కిష్టమ్మ. “మిస్త్రీ నీకు హాజరు ఏస్తుండా, లేదా?”

“ఎయ్యకపోతె దగ్గరుండి ఏపిస్త,” అంది భాగ్యమ్మ, స్తంభం పట్టుకుని లేస్తూ.

ఆ రెండో డ్యూటీ ఎల్బీనగర్ చౌరస్తా అవతలున్న మట్టయ్య షెడ్డులో. ఆమె కొడుకు జనార్ధన్ నడిపే అంబాసిడర్ కారు మరమ్మతుకని ఆ షెడ్డులోకి వెళ్లి నేటికి ముప్పై ఏడు రోజులు.

పోచంపల్లి పక్క ఊళ్లో మగ్గంతో సహా ఇల్లమ్మి కొన్న పాత కారు అది. నగరం అంచున చేలన్నీ ప్లాట్లవుతున్న రోజులు. కాలనీల్లో ఇల్లు కట్టుకోవాలనుకునే వాళ్లను ఎక్కించుకుని జనార్ధన్ బడంగ్‌పేటకూ, పెద్ద అంబర్‌పేటకూ తిప్పేవాడు. పాతిన తెల్లరాళ్ల మధ్య వాళ్లను దించి, చెట్టు నీడన బండి ఆపుకునేవాడు. ప్లాట్లమ్మేవాళ్లు బీడు భూమి చూపించి “ఇగో ఇక్కడ స్కూలు, అగో అక్కడ బస్టాండు” అని చేతులూపటం ఇంటికొచ్చి తల్లికి చేసి చూపించేవాడు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది. ఒకరోజు నడిరోడ్డు మీద ఇంజను కాగి, పొగలు కక్కి నిలిచిపోయింది. అప్పటినుంచి జనార్ధన్ పగలంతా మంచం మీద వెల్లకిలా పడుకుని ఇంటి రేకులు చూస్తున్నాడు.

నిన్న అన్నం ముందు కూర్చుని, తల ఎత్తకుండా చెప్పాడు.

“రేపు సాయంత్రం అయిదింటికి రామారావు సేటు లారీ కలకత్తా పోతది. డ్రైవర్ కావాలన్నడు. ఆలోపు మన బండి స్టార్టయితె ఉంట. కాకుంటె ఎక్కుత.”

“మళ్ల ఎన్నొద్దులకొస్తవు?”

“ఒకసారి ఎక్కినంక ఏడాది దాక ఇడిశేది లేదన్నడు.”

భయపడటం ఆమెకు కొత్త కాదు. వంట చేసినట్టు, ఇల్లూడ్చినట్టు రోజూ చేసే పనే అది. భర్త బిక్షపతి దగ్గినన్నాళ్లూ ఆ దగ్గుకే భయపడింది. దవాఖానల చుట్టూ తిప్పింది, మేకపాలు తాగించింది. దగ్గు తగ్గింది. ఆ వానాకాలమే ఆయన మూడు రోజుల జ్వరంతో పోయాడు. జ్వరం సంగతి ఆమె ఒక్కనాడూ తలవలేదు. అప్పుడు ఆమె మనసులో ఒక లెక్క కుదిరింది. ముందుగా తలుచుకున్న ఆపద రాదు, తలవడం మరిచినదే వస్తుంది. అందుకని కొడుకు గడప దాటగానే టైరు పేలటం, బర్రె అడ్డం రావటం, బ్రేకు పడకపోవటం, ఎండకు కళ్లు తిరగటం, ఇలా ఒక్కొక్కటే వరసపెట్టి తలుచుకునేది, ఏదీ మిగలకుండా. బడంగ్‌పేట దారి ఆమె చూసిన దారి. ఏ మలుపు దగ్గర ఏం జరగొచ్చో తెలుసు. కలకత్తా దారి తెలియదు. తెలియని దారి గురించి ఎలా భయపడాలో ఆమెకు అర్థం కాలేదు.

మట్టయ్య షెడ్డులో అయిదు కార్లున్నాయి. అయిదూ విప్పి ఉన్నాయి. బండి వచ్చిన రోజే ఇంజను విప్పేయటం అతని పద్ధతి. విప్పిన బండి ఇంకో షెడ్డుకు పోలేదు. ఆ తర్వాత ఏ బండి మనిషి ఎదురుగా నిలబడితే ఆ బండి మీద అతని చెయ్యి పడుతుంది. ఈ సంగతి కనిపెట్టడానికి భాగ్యమ్మకు పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు నుంచి మార్కెట్టు పని కాగానే వచ్చి, ఒక పాత టైరు మీద కాలు చాపుకుని కూర్చోవటం మొదలుపెట్టింది. అరవదు, బతిమాలదు. మట్టయ్య పానా పట్టుకుని వేరే బండి వైపు నడిస్తే మాత్రం దగ్గుతుంది. ఆ దగ్గులతోనే బేరింగులొచ్చాయి, గ్యాస్కెట్టొచ్చింది.

“అక్కా, ఇయ్యాల నువ్వు కూసున్నా ఫాయిదా లేదు,” అన్నాడు మట్టయ్య ఆమెను చూడగానే. ఎండుకట్టె లాంటి మనిషి, కనుబొమల దాకా గ్రీజు. “హెడ్డు దిల్‌సుఖ్‌నగర్ల లేత్ మిషను కాడ ఉన్నది. నాల్గు దినాలాయె.”

“హెడ్డంటె ఏంది?”

“ఇంజన్ మీది మూత. కాగి కాగి వంకరవోయింది, సాపు చెయ్యాలె. అదొస్తె గంటన్నర పని. బిగించుడు, స్టార్ట్ చేసుడు.”

“మరి తేపియ్యవా?”

“తెచ్చే మనిషి ఊరికి పోయిండు. రేపొస్తడు.”

“రేపటి ముచ్చట నాకొద్దు. దుకాణం యాడుందో చెప్పు.”

మట్టయ్య పళ్లు బయటపెట్టాడు. “ఇరవై కిలోల ఇనుమక్కా. బత్తాయనుకుంటున్నవా?”

“బత్తాయి తట్ట దూదితోటి నింపుతరా?”

లేత్ షాపు త్రినాథరావుది. కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో ఇనుప స్కేలు. ఆమె వెళ్లేసరికి కరెంటు లేదు. మిషను పక్కన ఆరు హెడ్లు వరసగా పడి ఉన్నాయి.

“కరెంటు పన్నెండింటికి గాని రాదమ్మా,” అన్నాడు. “వచ్చినా మీది అయిదోది. రేపు రండి.”

భాగ్యమ్మ రేపటిదాకా ఆగదలుచుకోలేదు. మిషను ముందే నేల మీద కూర్చుని కాలు చాపుకుంది. ఇంకో హెడ్డు మిషను దాకా రావాలంటే ఆ కాలు దాటే రావాలి. పన్నెండయింది, పన్నెండున్నరయింది. ఫ్యాను కదిలాక త్రినాథరావు లేచి వచ్చి ఆ కాలు ముందర ఆగిపోయాడు.

“ఇదేం పద్ధతమ్మా?”

“నా కొడుకు అయిదింటికి లారెక్కుతడు సారు. ఇది అయితె ఎక్కడు.”

అతను గోడ గడియారం చూశాడు. తల గోక్కున్నాడు. “మా పెద్దాడూ ఇంతే లెండి. చెప్పిన గంటకి చెప్పినట్టు బయల్దేరి కూర్చుంటాడు,” అంటూ వంగి అయిదో హెడ్డును ఎత్తాడు.

మిషను తిరుగుతున్నంతసేపూ ఆమె రెప్ప వేయలేదు. నల్లటి ఇనుము ఒక్కో పొరా రాలి, లోపలి తెలుపు బయటపడుతోంది. రెండుంబావుకు అయింది. త్రినాథరావు దాన్ని కిరసనాయిలుతో కడిగి బల్ల మీద పెట్టాడు.

“ఈ పూట ఇక్కడ ఉంచండమ్మా. పాత హెడ్డు, చాలాసార్లు కాగింది. తీరిగ్గా ఓసారి పరీక్ష చేసి ఇస్తాను.”

“సాపు చేసిన్రు గద.”

“చేశాననుకోండి.”

“ఇంక పరీక్షేంది. నెత్తికెత్తున్రి.”

బస్టాపు దాకా చుట్టబట్ట మీద మోసి, బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కండక్టరు వచ్చి నిలబడ్డాడు.

“ఏందమ్మా గది?”

“ఇంజన్ మూత.”

“మా ఇంజన్ మీద నమ్మకం లేక మీదే తెచ్చుకున్నవా?”

ముందు సీట్లో ఇద్దరు నవ్వారు. “నవ్వినకాడికి సాలు గని, లగేజ్ టికెట్ కొట్టు,” అంది భాగ్యమ్మ.

కిరసనాయిలు చీరకు అంటుతుందని ఆమె చుట్టబట్ట విప్పి హెడ్డును తుడిచింది. సాపు చేసిన వైపు కొత్త పళ్లెంలా ఉంది. రెండు గుండ్రటి గుంటల నడుమ మాత్రం తల వెంట్రుకంత సన్నటి తడి గీత. తుడిచింది, పోయింది. కొత్తపేట దాటేసరికి అదే చోట మళ్లీ కనిపించింది. గట్టిగా తుడిచింది. చూస్తూ కూర్చుంది. గీత మెల్లగా, ఒక కొస నుంచి ఇంకో కొసకు, తిరిగి తడిసింది.

బీటలిచ్చిన కుండ ఎలా చెమరుస్తుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ ముప్పై ఏడు రోజుల్లో ఆమె ఎన్ని తలుచుకుందో. షెడ్డు అంటుకోవటం, మట్టయ్య సామాను అమ్ముకుని పారిపోవటం, జాకీ జారి బండి కూలటం. ఇనుప మూత పగిలి ఉంటుందని ఒక్కసారి కూడా తలవలేదు.

చుట్టబట్టను గీత మీద కప్పింది. కప్పితే ఎవరికి తెలుస్తుంది? మట్టయ్య వెతికి చూసే రకం కాదు. నాలుగున్నరకు బండి స్టార్టవుతుంది. జనార్ధన్ ఇంట్లో ఉంటాడు. పొద్దున మళ్లీ బండి తీసుకుని పోతాడు, ఎవరినో ఎక్కించుకుని. అక్కడిదాకా వచ్చి ఆమె ఆలోచన ముందుకు కదలలేదు. బస్సు ఎల్బీనగర్‌లో ఆగింది.

మట్టయ్య నిజంగానే సిద్ధంగా ఉన్నాడు. గ్యాస్కెట్ పరిచి, బోల్టులు వరసగా పేర్చి పెట్టాడు. “జబర్దస్త్ అక్కా. పెట్టు ఇట్ల. నాలుగున్నరకు నీ కొడుకు హారన్ కొట్టకపోతె నా పేరు మట్టయ్య గాదు.”

ఆమె హెడ్డును బల్ల మీద దించింది. చేతులు దాని మీది నుంచి తీయలేదు.

“మిస్త్రీ, ఇది పగిలింది.”

“ఏడ? లేత్ ఆయన చూడకుండ ఇస్తడా?”

“చూస్తనన్నడు. నేనే వద్దన్న. నువ్వు చూడు.”

మట్టయ్య ముఖం చిట్లించి, పొడిగుడ్డతో తుడిచి, సుద్దముక్క తీసి ఆ చోట రాశాడు. ఇద్దరూ వంగి చూశారు. కాసేపటికి తెల్లటి సుద్దలో నల్లటి గీత లేచింది. మట్టయ్య సుద్దముక్కను చేతిలో అటూ ఇటూ దొర్లించాడు.

“ఇది బిగిస్తె?” అని అడిగింది.

“నడుస్తది. పది దినాలో, నెలో. ఎప్పుడో ఎండల లోపలికి నీళ్లు దిగి, పోతున్న ఇంజన్ పోతున్నట్టే పట్టేస్తది.” గొంతు తగ్గించాడు. “అక్కా, నేనైతె చూడలే అనుకో. బిగిస్త. నీ కొడుకైతె ఉంటడు. తర్వాత సంగతి తర్వాత.”

రోడ్డు మీద లారీ ఒకటి, దాని వెనక బస్సొకటి పోయాయి. అవి కనుమరుగయ్యేదాకా భాగ్యమ్మ వాటినే చూసింది.

“అండ్ల జనం కూసుంటరు మిస్త్రీ. పోరలను ఒళ్లె పెట్టుకొని కూసుంటరు. లారీ ఎనకొస్తుంటె నడిమిట్ల నిలిస్తె ఎట్ల?” హెడ్డును బల్ల మీద అవతలి కొసకు నెట్టింది. “బిగించకు.”

“ఇంకో హెడ్డు ఎతకాలంటె వారం, పదొద్దులు.”

“ఎతుకుదాం.”

జనార్ధన్ నాలుగున్నరకు వచ్చాడు. తండ్రి పోలికే, సన్నటి మెడ, పెద్ద చెవులు. భుజాన సంచి. తెరిచి ఉన్న ఇంజను చూసి ఆగాడు.

“గాలేదా?”

“లేత్ ఆయన జర...” అని మట్టయ్య మొదలుపెట్టాడు.

“అయితుండె,” అంది భాగ్యమ్మ. “నేనే ఆపిన. ఇటొచ్చి చూడు.”

జనార్ధన్ గీత మీద వేలు పెట్టి రుద్దాడు. సుద్ద అంటింది, గీత అక్కడే ఉంది.

“నువ్వే మోస్కొస్తివి, నువ్వే ఆపితివి.”

“ఔ.”

“దీన్ని చూసి నేను ఆగుతననుకున్నవా?”

“అనుకోలే.”

అతను ఏదో గట్టిగా అనబోయి, తల్లి చీర మీద జానెడు కిరసనాయిలు మరక చూసి, మూతి ఒకపక్కకు తిప్పాడు. “నీకేంది, భయపడనీకె కొత్తది దొరికింది.”

“దొరికింది. దారిల ఏమేం ఊర్లు తగుల్తయి, చెప్పి పో.”

“ఎందుకమ్మా?”

“చెప్పరాదు.”

“విజయవాడ, రాజమండ్రి, వైజాగు. అవుతల బరంపురం, కటకం. ఇంక దాని మీద కలకత్తా.”

“నదులు?”

“కృష్ణ. గోదావరి. ఇంకా ఉంటయి, నాకెర్క లేదు. ఉత్తరం రాస్త.”

ఆమె పెదవులు కదుపుతూ ఆ పేర్లు ఒకసారి చెప్పుకుంది. బరంపురం దగ్గర తప్పింది. అతను మళ్లీ చెప్పాడు. రెండోసారి తప్పలేదు.

లారీ అయిదుకు పది నిమిషాలుండగానే వచ్చింది. జనార్ధన్ రోడ్డు దాటాడు. సంచి ముందు పైకి వేసి, తర్వాత తను ఎక్కాడు. తలుపు మూసుకుంది. హయత్‌నగర్ వైపు లేచిన దుమ్ము తగ్గేదాకా ఆమె షెడ్డు ముందు నిలబడింది. తర్వాత వెనక్కు తిరిగింది.

“రేపెన్నింటికి తెరుస్తవు?”

“ఎనిమిదింటికి,” అన్నాడు మట్టయ్య.

“తొమ్మిదిన్నరకొస్త. పాత సామాన్ల దుకాణాల పేర్లన్ని కాయితం మీద రాసి పెట్టు, నేనే తిరుగుత. అప్పటిదాక ఇంకో బండి మీద చెయ్యి పడొద్దు.”

“నువ్వు లేకున్నా నీ దగ్గు ఇనొస్తదక్కా,” అన్నాడతను, ఈసారి నవ్వకుండా, బోల్టులను ఒక్కొక్కటే డబ్బాలోకి ఎత్తుతూ.

బండి మీద గోనెపట్టా కప్పబోతూ ఆమె చూసింది, డ్రైవరు వైపు తలుపు సరిగ్గా పడలేదు. వేద్దామని మళ్లీ తెరిచింది. సీటు మీద చిన్న మెత్త ఉంది, స్ప్రింగు గుచ్చుకోకుండా మగ్గం దగ్గరి నూలు ముక్కలు కూరి ఎప్పుడో తను కుట్టి ఇచ్చినది. అతను కూర్చునే చోట అది లోతుగా అణిగి ఉంది, ఆ పల్లంలో ముప్పై ఏడు రోజుల దుమ్ము సన్నగా పరుచుకుని ఉంది.