పొల్లు పోయిన గోల్

పుష్పలత మేడం తొమ్మిదేళ్లుగా బస్సుల్లోనే బతుకుతోంది. ఇల్లు మిర్యాలగూడలో, బడి మోతె అవతల ఒక ఊళ్లో. పొద్దున ఆరింటి బస్సెక్కి సూర్యాపేటలో దిగాలి. అక్కడ ఖమ్మం బస్సు పట్టుకుని మోతెలో దిగాలి. ఆపైన ఆటో, అది నిండేదాకా వాడు కదలడు. సాయంత్రం మళ్లీ ఇదే వరస వెనక్కి. జిల్లాలు విడిపోయిన రోజున ఆమె ఇల్లు నల్గొండ జిల్లాలో ఉండిపోయింది, బడి వెళ్లి సూర్యాపేట జిల్లాలో పడింది. గీత గీసినవాళ్లకు పుష్పలత అనే లెక్కల టీచరు ఒకతి ఉందని తెలియదు కదా! బదిలీ అడిగినప్పుడల్లా "మీరడిగేది వేరే జిల్లా మేడం" అన్నారు. పోనీ సూర్యాపేటకు మకాం మారుద్దామా అంటే భర్తకు మిర్యాలగూడ రైస్ మిల్లులో ఉద్యోగం, కూతురి ఇంటర్ అక్కడే. ఎటూ కదలడానికి లేదు.

ఇన్నాళ్లకు ఒక సందు దొరికింది. సూర్యాపేటలో టీచర్లకు శిక్షణ ఇచ్చే విభాగంలోకి లెక్కల మనిషిని డిప్యూటేషన్ మీద తీసుకుంటారట. ఒక మాదిరి పాఠం చెప్పి చూపించాలి, నచ్చితే ఆర్డరు. అది దక్కితే రెండో బస్సు ఉండదు, ఆటో ఉండదు, వెలుతురుండగానే ఇల్లు చేరొచ్చు. కూతురు ఏం చదువుతోందో కళ్లతో చూడొచ్చు. ఈ ఒక్కటీ గట్టెక్కించమని ఆమె మొక్కని దేవుడు లేడు.

మాదిరి పాఠమంటే మామూలు పాఠం కాదు. దానికో ప్లాను రాసి యాప్‌లో ఎక్కించాలి. ప్లానులో రెండు గడులు ఎర్రగా మెరుస్తుంటాయి: టెక్నాలజీ ఎక్కడ వాడుతున్నారు, విద్యార్థి గోల్ ఎక్కడ పెడుతున్నారు. ఆ రెండూ నింపితే తప్ప యాప్ ముందుకు జరగదు. వీటి మీద కోదాడలో మూడు రోజులు శిక్షణ కూడా అయింది. చెప్పినాయన శశిధర్ సార్, మనిషి మంచివాడే, గొంతే మైకు. "పిల్లాడికి వాడి గోల్ ఏంటో వాడికే తెలియాలండీ. దానికి మొదటి మెట్టు ఏంటో వాడి నోటితో వాడే చెప్పాలండీ" అని మూడు రోజుల్లో ముప్పైసార్లు అన్నాడు. పాఠం చూడటానికి వచ్చేదీ ఆయనే.

పుష్పలత పాఠాన్ని బాగానే అల్లింది, ఆ మాట ఒప్పుకోవాలి. తొమ్మిదో తరగతి, సాంఖ్యక శాస్త్రం. పుస్తకంలో ఎవరో క్రికెటర్లు కొట్టిన పరుగులతో పట్టికలుంటాయి. ఆమె వాటిని పక్కన పెట్టింది. పిల్లలు ఒక్కొక్కరూ తమ గోల్‌ను కార్డు మీద రాస్తారు. ముప్పై రెండు మంది, ముప్పై రెండు కార్డులు. వాటిని పిల్లలే ట్యాబ్‌లో ఎక్కిస్తారు, గోడకున్న డిజిటల్ బోర్డు మీద కమ్మీ చిత్రం, అదే బార్ గ్రాఫ్, లేస్తుంది. ఎవరి కమ్మీ దగ్గరికి వాళ్లొచ్చి మొదటి మెట్టు చెబుతారు. లెక్కా వచ్చింది, టెక్నాలజీ వచ్చింది, గోలూ వచ్చింది. రెండు గడులూ పచ్చబడ్డాయి.

కార్డు మీద మాటలు మాత్రం బస్సులో కూర్చుని ఫోనుకు నోటితో చెప్పి టైపు చేయించింది. కుదుపుల్లో వేళ్లు ఆడవు మరి. "నా గోల్" అని ఆమె చెప్పింది. ఫోను "నా గోల" అని రాసుకుంది. అక్షరం పొల్లు పోకుండా అంటుంటారే, ఇక్కడ పోయింది ఆ పొల్లే. సూర్యాపేట బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్లో ఖమ్మం బస్సు హారను వింటూ ప్రింట్లు తీయించింది. చూసుకునే తీరికేదీ? శుక్రవారం ఆఖరి పీరియడులో పంచిపెట్టి, "ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి, ఎవల్ది సూసి ఎవలు రాయొద్దు" అని చెప్పి ఆటోకు పరుగెత్తింది. శనివారం క్లాసు లీడరు మనస్విని కార్డులన్నీ రబ్బరు బ్యాండు వేసి ఇచ్చింది. అవి సంచిలోకి పోయాయి. ఆదివారం ఇంటి పనికే సరిపోయింది.

సోమవారం శశిధర్ సార్ వస్తాడనగా, పొద్దున బస్సులో ఆ కట్ట విప్పింది.

మొదటి కార్డు రాకేష్‌ది. పైన లావాటి అక్షరాల్లో 'నా గోల'. కింద: "మా తాతకు కాళ్ల నొప్పులు. బాయికాడ మోటరు ఏయాలన్న బంద్ జేయాలన్న నేనే ఉర్కాలె. హోంవర్క్ చేసే టైము ఉంటలేదు." పుష్పలతకు అర్థం కాలేదు. గోల్ రాయమంటే వీడు తాత కాళ్లు రాశాడేంటి? రెండోది మనస్వినిది: "మన బడిల ఆడపిల్లల బాత్రూంకు గొళ్లెం లేదు మేడం. ఒక్కలు పోతే ఇంకొకలు తలుపు పట్టుకోవాలె." మూడోది శ్రుతిది: "లెక్కల మేడం బస్సు లేటయితే పీఈటీ సార్ లెక్కలు చెప్తడు. ఆయనకు రావు." అప్పుడు పైన అచ్చయిన మాట మళ్లీ చదివింది. 'అయ్యో నా మతి మండ' అనుకుంది. నీ గోలేందో చెప్పమని టీచరమ్మ అచ్చు వేయించి అడిగితే పిల్లలు చెప్పరా? ముప్పై రెండు మందీ కడుపులో ఉన్నదంతా కక్కారు.

ఒకటి చదువుతుంటే నవ్వొచ్చింది, ఇంకొకటి చదువుతుంటే ఏడుపొచ్చింది. ఆఖరున సాలి కార్డు. సాలి వాళ్లది గొర్ల కాపరుల ఇల్లు. లెక్కల్లో తరగతి మొత్తానికి ముందుంటుంది, మాట మాత్రం పైకి రాదు. రాత గుండ్రంగా ఉంది: "కోతలు అయినంక మావోళ్లు గొర్లను తోలుకొని కోదాడ దాటి ఆంధ్ర దిక్కు పోతరు. ఈసారి నన్ను గూడ తోల్కపోతరట. మల్ల ఎండకాలానికి వస్తం. నాకు పోబుద్ధి అయితలేదు. ఇది ఎవలికి చెప్పాలె మేడం?"

కోతలు మొదలయ్యే ఉన్నాయి. బస్సు కిటికీ పక్కన వరిపొలాల్లో మిషన్లు తిరుగుతున్నాయి. పుష్పలత కార్డులను మళ్లీ కట్ట కట్టి సంచి అడుక్కి తోసింది. ఇవాళ కాదు, రేపు చూద్దాం అనుకుంది. ఇవాళ ఆమె పాఠం.

బడికి చేరేసరికి పావుగంట టైముంది. తెల్లకాగితాలు చింపి పంచింది. "పొల్లు పోయింది బిడ్డా. అది గోల కాదు, గోల్. పెద్దయినంక ఏమైతరో రాయుండ్రి, జల్ది" అంది. తరగతి గొల్లున నవ్వింది. రాకేష్ లేచి, "మరి మా గోల ఎవలికి చెప్పాలె మేడం?" అన్నాడు. మళ్లీ నవ్వులు. "అది తర్వాత సూద్దాం గని ముందు ఇది రాయి" అని కసిరింది. సాలి నవ్వలేదు. మేడం సంచి వైపు ఒకసారి చూసి కాగితం మీదికి వంగింది.

పాఠం ఎలా నడిచిందంటే, చూసినవాళ్లు చెప్పుకోవాలి. శశిధర్ సార్, హెడ్మాస్టర్ ప్రభాకర్ సార్ వెనక బెంచీలో కూర్చున్నారు. కరెంటు పోలేదు, బోర్డు మొరాయించలేదు. పోలీసు తొమ్మిది, నర్సు ఏడు, టీచరు ఆరు, డ్రైవరు నాలుగు అంటూ కమ్మీలు రంగురంగులుగా లేచాయి. పిల్లలు పౌనఃపున్యం అనే మాటను నాలుక మడతపడకుండా పలికారు. శశిధర్ సార్ ముఖం వెలిగిపోతోంది.

ఆయన లేచి బోర్డు దగ్గరికొచ్చాడు. నర్సు కమ్మీ పక్కన నిలబడ్డ సాలిని అడిగాడు. "నీ పేరేంటమ్మా? సాలి అంటారా? బాగుంది. నర్సు అవ్వాలంటే మొదటి మెట్టు ఏంటమ్మా? వచ్చే నెలలో ఏం చేస్తావు?"

సాలి తలతిప్పి పుష్పలత వైపు చూసింది. అంతా చెప్పెయ్యనా మేడం అన్నట్టుంది ఆ చూపు. ఇంకో ఐదు నిమిషాలు, ఐదే ఐదు నిమిషాలు గడిస్తే తొమ్మిదేళ్ల చెర తీరుతుంది. కళ్లతోనే బతిమాలింది. ఆమె వేళ్లు తనకు తెలియకుండానే 'కానీ కానీ' అన్నట్టు కదిలాయి.

"వచ్చే నెల గూడ రోజు బడికొస్త సార్. ఒక్క రోజు గూడ ఎగ్గొట్ట" అంది సాలి.

"శభాష్! చూశారా మాస్టారూ, మెట్టు అంటే ఇదీ!" అని శశిధర్ సార్ చప్పట్లు కొట్టాడు. తరగతంతా కొట్టింది. ప్రభాకర్ సార్ పక్కనుంచి వెళ్తూ, "అయిపోయింది మేడం, ఇగ ఆర్డరే" అని గొణిగాడు. పుష్పలత నవ్వింది. నవ్విన మాట నిజమే, కానీ నోరంతా చేదయిపోయింది.

సాయంత్రం గంట కొట్టాక సాలి వరండాలో ఆగి అడిగింది. "మేడం, సార్ కాడ మంచిగనే చెప్పిననా?"

ఆ పిల్ల ఎత్తిపొడవడానికి అడగలేదు. నిజంగానే అడిగింది. అదే పుష్పలతను చంపేసింది. పద్నాలుగేళ్ల పిల్ల చేత, నాకోసం, నలుగురిలో అబద్ధమాడించానే అని సిగ్గుతో చచ్చిపోయింది. ఆటో నిండింది, డ్రైవరు పిలుస్తున్నాడు. "నువ్వు పో అన్నా, నేను రాను" అని చెప్పి, "పా సాలీ, మీ అమ్మతోని మాట్లాడుత" అంది.

సాలి తల్లి రుక్కమ్మ ఇంటి ముందు మూటలు కడుతోంది. మడతమంచం, గిన్నెలు, మంద చుట్టూ కట్టే వల, టార్పాలిన్ అన్నీ బయటే ఉన్నాయి. పుష్పలత వచ్చిన పని చెప్పింది. పిల్ల బాగా చదువుతుంది, ఈ నాలుగు నెలలు పోతే మళ్లీ అందుకోలేదు, నానమ్మ దగ్గర ఉంచండి, నేను చూసుకుంటాను అంది.

రుక్కమ్మ తాడు ముడి వేస్తూ అంతా విన్నది. "మా పెద్ద పోరి గురించి గూడ అప్పట్ల సంతోష్ సార్ గిట్లనే అన్నడు మేడం. ఉంచు రుక్కమ్మా, నేను సూసుకుంట అన్నడు. ఉంచినం. మేము ఆంధ్రల ఉండంగనే ఆయనకు ట్రాన్స్‌ఫరైంది. మా అత్తకు సెవులినవడయి. పోరి బడి బంద్ వెట్టి ఇంట్ల కూసున్నది. ఎవ్వలన్న వచ్చి అడిగిండ్రా? ఎవ్వలు అడగలే."

పుష్పలత భుజం మీది సంచి దించి కింద పెట్టింది.

"నువ్వు గూడ పోతున్నవట గద సూర్యాపేటకు? బడిల అందరు అనుకుంటున్నరట."

"ఇంక ఆర్డర్ రాలే అక్కా."

"వస్తది గద?" రుక్కమ్మ తలెత్తింది. గొంతులో కోపం లేదు. "సూడు మేడం, నేను నిన్ను తప్పువడుతలేను. ఎవల బతుకు వాళ్లది. పది అయ్యేదాంక నేను ఈడ్నే ఉంట అని నువ్వు మాటియ్యి, పోరిని ఇడిసిపోత. లేకుంటే మా ఎంట మంద కాడ నా కండ్ల ముందటన్న ఉంటది."

సరిగ్గా అప్పుడే ఫోను మోగాలా! ప్రభాకర్ సార్. ఆయన గొంతు పక్కనున్నవాళ్లకూ వినబడేంత గట్టిగా ఉంటుంది. "మేడం, మిఠాయి తెండ్రి! శశిధర్ సార్ మీ పేరే రాసి పంపిండు. గురువారమే మిమ్మల్ని రిలీవ్ చేస్త. ఇగ మీకు ఈ తిప్పలు ఖతం!"

రుక్కమ్మ ముడి సగంలో ఆపి చూస్తోంది. సాలి గుమ్మంలో నిలబడి చూస్తోంది. పుష్పలతకు లోపల్నుంచి మంటలాంటి కోపం లేచింది. ఆ ఫోను మీద, పోయిన పొల్లు మీద, జిల్లాలు కోసినవాళ్ల మీద, మాటిచ్చి పోయిన ఆ సంతోష్ సార్ మీద, అందరికంటే ఎక్కువ ఈ రుక్కమ్మ మీద. ఎవరి పిల్ల కోసం ఎవరు చావాలి? ఇంటి దగ్గర నా బిడ్డ నా కోసం ఎదురుచూడదా? ఈ మాటలన్నీ గొంతుదాకా వచ్చాయి.

"సార్, నా పేరు తీసేయుండ్రి" అంది.

"ఏంది మేడం? సిగ్నల్ లేదా?"

"ఉన్నది సార్. నేను పోను. ఇంకెవలదన్న పంపుండ్రి."

"మల్ల ఇసొంటిది రాదు మేడం, సోంచాయించుండ్రి! తొమ్మిదేండ్ల నుంచి—"

"తెలుసు సార్" అని ఫోను పెట్టేసింది. గొప్ప పని చేసినట్టు ఏమీ అనిపించలేదు. బయటినుంచి ఎవరో గొళ్లెం వేసినట్టే అనిపించింది. ఇంకో పదిహేడు నెలలు అదే ఆరింటి బస్సు, అదే ఖమ్మం బస్సు, అదే ఆటో. భర్తకు ఏం చెప్పాలి, కూతురికి ఏం చెప్పాలి? కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి పూర్తిగా ఏడుపు నీళ్లే, దాచుకోలేదు కూడా.

"ఉంట" అంది రుక్కమ్మతో. "పది అయ్యేదాంక ఉంట. ఇగ పిల్లను ఉంచు."

రుక్కమ్మ దండం పెట్టలేదు, సంతోషపడలేదు. మూటల్లోంచి సాలి బట్టల సంచి బయటికి లాగి గుమ్మంలో పెట్టింది. పెట్టి, పుష్పలత వైపు తిరిగింది.

"పది అయినంక ఇంటర్ ఉంటదట గద మేడం? మరి గప్పుడెట్ల?"

పుష్పలత మడతమంచం మీద కూలబడింది.

"ముందుగాల జరన్ని మంచినీళ్లియ్యి అక్కా" అంది.